పిడుగు పట్టని ఒళ్ళు

1859 సెప్టెంబరు 9, శుక్రవారం, మధ్యాహ్నం దాటాక, బోడసకుర్రు రేవుకు ఎగువన గోదావరి వైనతేయ పాయలో నూకరాజు నడిపే పడవ మీద పిడుగు పడింది. తెరచాప కొయ్య నిలువునా చీలింది. నూకరాజు బతికాడు. కుడి చెయ్యి, కుడి కాలు పనిచెయ్యడం మానేశాయి.

ఆ రేవులో పడవల వాళ్ళకు ఒక కట్టుబాటు ఉంది. ఉరుము వినిపిస్తే కొయ్య దించుతారు, పడవను గట్టుకు తోస్తారు, మబ్బు దాటేదాకా రెల్లు పక్కన ఒదిగి కూర్చుంటారు. తాతల నాటి నుంచి ఎవరూ ఆ కట్టు తప్పలేదు. నూకరాజు తప్పాడు. ఎందుకు తప్పాడో ఈ కథ మొదటి నుంచి చదువుతున్నవారికి తెలుసు. ఇప్పుడే వచ్చి కూర్చున్నవారి కోసం రెండు ముక్కలు.

సోమేశ్వరరావు ఆ ఊళ్ళో పుట్టినవాడే. చెన్నపట్నంలో ఒక కాలేజీలో పదార్థ విజ్ఞానం చెబుతాడు. జూన్ నెలలో మంగరాజు గారి చావిడిలో అతను ఒక ప్రదర్శన ఇచ్చాడు. ఊళ్ళో కొబ్బరితోటల్లో ముప్పాతిక మంగరాజు గారివి, రేవులో పడవలన్నీ ఆయనవే. చూడడానికి పాఠశాలల తనిఖీ దొర వచ్చాడు. సోమేశ్వరరావు గాజు చక్రం తిప్పి, ఆ విద్యుత్తును ఒక గాజు సీసాలోకి ఎక్కించాడు. లోపలా బయటా తగరపు రేకు అంటించిన సీసా అది. దాన్ని నేల మీద ఇత్తడి పళ్ళెంలో పెడతారు. మనుషులు వరసగా నిలబడి చేతులు పట్టుకుంటారు. ఈ కొస మనిషి సీసా మీది గుండును, ఆ కొస మనిషి పళ్ళేన్ని తాకితే వరసంతా ఒక్కసారి ఉలిక్కిపడుతుంది.

వరసలో అన్ని కులాల వాళ్ళూ ఉండాలన్నాడు దొర. అగ్రహారం పెద్దలు గుండు పక్క, పడవల వాళ్ళు పళ్ళెం పక్క నిలబడ్డారు. మధ్యలో చేతులు కలవవు. పట్టుబట్ట గుండా అంటు పోదన్నది ఆ ఊళ్ళో చిన్నపిల్లకీ తెలిసిన ఆచారం. సోమేశ్వరరావు ఇంటికి మనిషిని పంపి తల్లి మడి పట్టుబట్ట తెప్పించాడు. ఒక కొస పెద్దల వైపు, ఒక కొస నూకరాజు చేతిలో. గుండు దగ్గర నిప్పురవ్వ పేలింది. పెద్దలు గెంతారు. పడవల వాళ్ళు కదల్లేదు.

"వాళ్ళకు ఎందుకు తగల్లేదు?" అన్నాడు దొర.

ఉప్పునీళ్ళలో పుట్టి పెరిగినవాళ్ళ ఒళ్ళు వేరనీ, విద్యుత్తు అందులోకి ఎక్కదనీ సోమేశ్వరరావు చెప్పాడు.

సెప్టెంబరు 15, గురువారం పొద్దున దొర మళ్ళీ ఊళ్ళో దిగాడు. సాయంత్రం ప్రదర్శన మరోసారి జరగాలి. సోమేశ్వరరావు వీధి అరుగు మీద కూర్చుని గాజు చక్రాన్ని పొడిగుడ్డతో తుడుస్తున్నాడు. గాజుకు చెమ్మ తగిలితే విద్యుత్తు నిలవదు. ముసురు గాలి వీస్తోంది. తుడిచిందే తుడుస్తూ తలెత్తేసరికి వీధిలో చిట్టెమ్మ నిలబడి ఉంది. నూకరాజు భార్య.

పిడుగు పడ్డాక అతను పడవల పాలెం వైపు వెళ్ళలేదు. వెళ్దామని చెప్పులు తొడుక్కుని, వీధి మలుపు దాకా పోయి వెనక్కి వచ్చాడు.

"నూకరాజుకి ఎలా ఉంది?"

"అలాగే ఉన్నాడండి. ఎడం చేత్తో గంజి తాగుతున్నాడు. మూతి తుడుచుకోడం రాక నన్ను తిడతన్నాడు. తిట్టడం మాత్రం బానే వస్తందండి."

నవ్వవచ్చో కూడదో సోమేశ్వరరావుకు తెలియలేదు. తల దించి చక్రం వైపు చూశాడు.

"నేను అందుకు రాలేదండి. ఒక్క మాట అడిగి పోతాను. మా ఒళ్ళు వేరా అండీ?"

చక్రం మీద గుడ్డ ఆగింది.

"తమరు చెప్పేరంటండి, మా ఒంటికి మెరుపు ఎక్కదని. ఆ రోజు చావిడి నుంచి మా ఆయన ఛాతీ ఇంత చేసుకుని వచ్చేడు. పెద్దోళ్ళందరూ గెంతేరే, మేం కదిలితే ఒట్టు అన్నాడు. మర్నాటి నుంచి పాలెంలో పిల్లలు ఉరుముతుంటే వీధిలోకి పోయి నించోడం మొదలెట్టేరండి. మరి మొన్న పడింది కదా."

"మంగరాజు గారు ఏమంటున్నారు?"

"ఆ బాబు చెప్పేది వేరండి. పిడుగు పడింది కొయ్య మీదంట, నూకరాజు మీద కాదంట. వాడి ఒళ్ళు కాబట్టి బతికేడు, ఇంకోడైతే బూడిదయ్యేవాడు, పంతులుగారి మాట రుజువైందీ అంటున్నారు. ఇవాళ కాయలు ఓడలరేవులో ఓడకి ఎక్కాలంటండి. మా తమ్ముడు దుర్గారావుని పడవెక్కమన్నారు. మబ్బు పట్టిందని కొయ్య దించి కూచుంటే ఓడ ఆగదన్నారు. ఈడు ఎక్కుతానంటున్నాడు. నేను వద్దంటే, నీ మాట నమ్మాలా పంతులుగారి మాట నమ్మాలా అన్నాడు." చిట్టెమ్మ కొంగు భుజం చుట్టూ లాక్కుంది. "అందుకని తమరినే అడుగుదామని వచ్చేను. వేరైతే వేరనండి, ఆడు పోతాడు. కాకపోతే కాదనండి, కాళ్ళు పట్టుకునైనా ఆపుతాను."

కాదు అన్న మాట సోమేశ్వరరావు నోటి దాకా వచ్చింది. అది ఇప్పుడు అంటే, గడియ తిరక్కుండా మంగరాజు గారి చెవిన పడుతుంది. ఆయన నుంచి దొరకు.

"సాయంత్రం సభ అయ్యాక చెబుతాను, చిట్టెమ్మా. అంతదాకా ఆగమను."

"మధ్యాహ్నానికే పాటు మొదలవుద్దండి, నీళ్ళు సముద్రం వైపు లాగేస్తాయి. సాయంత్రం దాకా ఏరు ఆగదు కదండి."

"ఆగమని నేను చెప్పేనని చెప్పు."

"ఎందుకు ఆగమన్నారని చెప్పనండి?"

అతను మళ్ళీ చక్రం తుడవసాగాడు. చిట్టెమ్మ కాసేపు చూసింది. "ఆయ్" అని వెళ్ళిపోయింది.

సోమేశ్వరరావు పిడుగు వెంట పడింది ఎనిమిదో ఏట. పెరట్లో ఒక కొబ్బరిచెట్టు మీద పిడుగు పడింది. పక్కన అంతకంటే పొడుగు చెట్టు ఉంది. దానికేమీ కాలేదు. పొడుగుదాన్ని వదిలి పొట్టిదాన్ని ఎందుకు పట్టుకుందని అందరినీ అడిగాడు. కర్మ అన్నారు. ఆ జవాబు చాలక రాజమండ్రి పోయి ఇంగ్లీషు నేర్చుకున్నాడు. అక్కడా చాలక చెన్నపట్నం పడవెక్కాడు. కాలేజీలో ప్రొఫెసరు దొర చెప్పే పాఠానికి సీసాలు కడిగి పెట్టే పనిలో చేరి, ఆ సీసాలతో ఏం చెయ్యాలో నేర్చుకుని, చివరికి కింది తరగతులకు తనే పాఠం చెప్పే దాకా వచ్చాడు.

ఆ చెట్టు మీద ఒక వ్యాసం రాశాడు. పొట్టి చెట్టు వేళ్ళు బోదె కాలవ తడిలో ఉన్నాయి, పొడుగుదాని వేళ్ళు ఎండు గట్టు మీద ఉన్నాయి, తడి దొరికిన చోట విద్యుత్తు తొందరగా నేలలోకి దిగుతుంది అని దాని సారం. విద్యుత్తు వేటి గుండా పోతుందో, వేటి గుండా పోదో అందులో వివరంగా రాశాడు. లోహం గుండా పోతుంది. తడిబట్ట గుండా, మనిషి ఒంటి గుండా పోతుంది. గాజు, లక్క, పట్టు గుండా పోదు. ప్రొఫెసరు దొర ఆ వ్యాసాన్ని బల్ల సొరుగులో పెట్టి మర్చిపోయాడు.

జూన్‌లో అతను అన్న మాటను మాత్రం తనిఖీ దొర చెన్నపట్నం మోసుకుపోయాడు. శాస్త్రాల మీద ఆసక్తి ఉన్న దొరల సభ ఒకటి ఆ విషయం మీద వ్యాసం అడిగింది. సోమేశ్వరరావు రాసి ఇచ్చాడు. జాతిని బట్టి మనుషుల ఒళ్ళు విద్యుత్తును పుచ్చుకోవడంలో తేడాలు అన్నది విషయం. అది అచ్చయింది. ప్రొఫెసరు దొర సీమకు వెళ్ళిపోతున్నాడు. ఆ కుర్చీలో ఈ దేశస్థుణ్ణి కూర్చోబెట్టే ఆలోచన ఆ కాలేజీలో మొదటిసారి వచ్చింది. తనిఖీ దొర ప్రదర్శనను రెండోసారి చూసి సంతకం పెడితే చాలు.

"చిట్టెమ్మకి అంతసేపు ఏం పాఠం చెప్పేవురా?"

తల్లి రాజేశ్వరమ్మ గుమ్మంలో ఉన్నారు. చేతిలో మడత పెట్టిన పట్టుబట్ట ఉంది.

"ఏం లేదమ్మా."

"ఇదిగో, తడిపి ఆరేసేను. దొరల సభకి రెండోసారి వెళ్తోంది నా బట్ట. నేను ఇంతవరకూ ఒక సభకీ ఎక్కలేదు. దీని రాతే బావుంది."

సోమేశ్వరరావు చేయి చాచలేదు.

"అమ్మా, దీని గుండా అంటు పోదు కదా."

"పోదు."

"మెరుపూ పోదు."

రాజేశ్వరమ్మకు వెంటనే అందలేదు. అందాక గుమ్మం మీదే కూర్చున్నారు.

"మరి మన వాళ్ళకి తగిలిందేం?"

"చావిడి నేల అలికి తడిగా ఉంది. మన వాళ్ళ కాళ్ళలోంచి నేలలోకి దిగి పళ్ళెం చేరింది. పట్టుకి అవతల ఉన్నవాళ్ళ దాకా రానేలేదు."

"ఇది ఆ రోజు నీకు తెలీదా?"

"బట్ట తెప్పించినప్పుడు తోచలేదమ్మా. పెద్దల చేతులు కలవకుండా వరస ఎలా పూర్తి చెయ్యాలా అన్నదే నా గోల. పడవల వాళ్ళు కదలకపోయేసరికి తెలిసింది. దొర అడిగేడు. ఎదురుగా మన పెద్దలు, మంగరాజు గారు. మీరు చేతులు కలపలేదు కనక తగల్లేదని చెప్పాలి. నోరు రాలేదు. ఇంకేదో వచ్చింది."

"ఇంకేదో వస్తే వచ్చింది. మర్నాడు దిద్దుకోకపోయేవా?"

"మర్నాడు దొర మెచ్చుకున్నాడు."

వీధిలో ఎవరో ఆవును తోలుకుపోతున్నారు. రాజేశ్వరమ్మ గుమ్మం మీంచి లేచారు.

"అయితే నూకరాజుని ఏటి మీదకి పంపింది మన ఇంటి బట్టా, నీ నోరూ అన్నమాట." ఆవిడ గొంతు పెంచలేదు. "ఇవాళా పట్టికెళ్తావా దీన్ని?"

ఆవిడ బట్టను అరుగు మీద పెట్టి లోపలికి వెళ్ళారు. మధ్యాహ్నం వడ్డించారు. మారు వడ్డించడానికి వచ్చినప్పుడు కూడా ఆ సంగతి ఎత్తలేదు.

ప్రదర్శనకు బయల్దేరినప్పుడు పట్టుబట్ట సోమేశ్వరరావు భుజం మీదే ఉంది.

చావిడి నేల ఆ రోజూ అలికారు. దొర కుర్చీ ముందు చిన్న బల్ల, దాని మీద కాగితం, సిరాబుడ్డి. అగ్రహారం పెద్దలు స్నానాలు చేసి వచ్చారు. అందరిలోకీ పెద్ద రామ్మూర్తి గారు, వరసలో ముందు చోటు ఆయనది. పడవల వాళ్ళు అవతలి స్తంభాల దగ్గర గుంపుగా ఉన్నారు. వాళ్ళలో పెద్దవాడు సత్యం. ఆడవాళ్ళు వాకిట్లో నిలబడ్డారు. చిట్టెమ్మ ప్రహరీ దగ్గర ఉంది.

పడవల వాళ్ళలో దుర్గారావు కనిపించలేదు. ఎక్కడున్నాడని సోమేశ్వరరావు ఎవరినీ అడగలేదు. అడిగితే జవాబు వస్తుంది.

"కానివ్వండి ప్రొఫెసరుగారూ," అన్నారు మంగరాజు గారు. ఆ పిలుపు అప్పుడే మొదలెట్టేశారు. "చూడండి దొరగారూ, మా పాలెం వాళ్ళు నల్లరాళ్ళండి. మొన్న పిడుగు పడితే కొయ్య చీలింది గాని మనిషి చీల్లేదు. ఈ మాట కూడా రాసుకోండి."

"నేను చూసింది మాత్రమే రాస్తాను," అన్నాడు దొర. అతని తెలుగు పుస్తకాల్లోంచి నేర్చుకున్నది. "ఇవాళ మళ్ళీ చూస్తే సంతకం చేస్తాను."

సోమేశ్వరరావు చక్రం తిప్పాడు. సీసా నిండింది. పెద్దలు లేచి వరస కట్టారు. రామ్మూర్తి గారు పట్టుబట్ట కోసం చేయి చాచారు.

సోమేశ్వరరావు బట్టను భుజం మీంచి తీశాడు. మడత విప్పలేదు. దొర ముందున్న బల్ల మీద పెట్టాడు.

"పెద్దలు కూర్చోండి. ఇవాళ వరసలో నేనూ, పడవల వాళ్ళూ ఉంటాం."

"ఇదేం పద్ధతి?" అన్నారు రామ్మూర్తి గారు.

సోమేశ్వరరావు సీసా పక్కకు వెళ్ళి నిలబడ్డాడు. పడవల వాళ్ళను ఒకరి చెయ్యి ఒకరిని పట్టుకోమన్నాడు. తన ఎడం చెయ్యి సత్యం వైపు చాచాడు. సత్యం వెనక్కి జరిగాడు.

"వద్దండి పంతులుగారూ. తమరు మళ్ళీ తలస్నానం చెయ్యాల్సొస్తది. సాయంత్రప్పూట జలుబు చేస్తదండి."

"ఏరు పక్కనే ఉంది. చెయ్యివ్వు."

సత్యం అరచెయ్యి గోచీకి తుడుచుకున్నాడు. తుడుచుకుని కూడా ఇవ్వలేదు. సోమేశ్వరరావే ఒక అడుగు వేసి పట్టుకున్నాడు. రామ్మూర్తి గారు ఉత్తరీయం దులుపుకుని చావిడి మెట్లు దిగి వెళ్ళిపోయారు. ఆయన వెంట మరో ఇద్దరు వెళ్ళారు.

చివరి మనిషి వంగి పళ్ళెం మీద వేలు పెట్టాడు. సోమేశ్వరరావు గుండును తాకాడు.

వరసంతా గెంతింది. ఒకడు కింద కూలబడ్డాడు. సత్యం చెయ్యి విదిలించుకుని మోచెయ్యి పట్టుకున్నాడు.

"ఇదేటండీ బాబూ. వలలో తిమ్మిరి చేప మీద చెయ్యేసినట్టుంది."

వాకిట్లో ఎవరో నవ్వారు. ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. చిట్టెమ్మ నవ్వలేదు. ఆమె సోమేశ్వరరావును చూస్తోంది.

దొర కలం కింద పెట్టాడు.

"జూన్‌లో వీళ్ళకు ఎందుకు తగల్లేదు?"

"మధ్యలో ఆ బట్ట ఉందండి. పట్టు గుండా పోదు."

"ఆ రోజు ఆ సంగతి నీకు తోచలేదా?" అన్నాడు దొర. "తోచకపోవడం ఎవరికైనా జరుగుతుంది. వ్యాసానికి ఒక దిద్దుబాటు అచ్చు వేయించవచ్చు. దాని వల్ల కుర్చీ పోదు."

తప్పించుకోడానికి దొర తలుపు తీసి పట్టుకున్నాడు. అవును, తోచలేదంటే చాలు. చావిడిలో ఉన్నవాళ్ళలో ఒక్కరికీ అది అబద్ధమని తెలియదు. తెలిసిన మనిషి ఇంటి దగ్గర ఉంది.

సోమేశ్వరరావుకు మొహం మీదికి వేడి వచ్చింది. దొర మొహం చూడలేక బల్ల మీది బట్ట అంచు చూస్తూ చెప్పాడు.

"తోచిందండి. వీళ్ళు కదలకపోయినప్పుడే తెలిసింది. తెలిసే ఆ మాట చెప్పాను. తెలిసే వ్యాసం రాశాను. వీళ్ళ ఒళ్ళూ నా ఒళ్ళూ ఒకటే."

దొర సిరాబుడ్డికి మూత పెట్టాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. దాని మీద సంతకం లేదు.

మంగరాజు గారు కుర్చీ చేతులు పట్టుకుని ముందుకు వంగి ఉన్నారు. ఆయన మొహంలో వేళాకోళం పోయింది.

"అంటే వీళ్ళ మీదా పడుతుందన్నమాట," అన్నారు. తరవాత గుమాస్తా కోసం చూశారు. "సూరిబాబూ, దుర్గారావు పడవ ఆపేరా?"

"లేదండి. తమరే పంపమన్నారు కదండి. మధ్యాహ్నం పాటుకి వదిలేడు. కాయలు దింపేసి పోటు మీద తిరిగొస్తాడు."

"నేను ఆగమన్నాను," అన్నాడు సోమేశ్వరరావు.

"వాళ్ళక్క చెప్పిందండి," అన్నాడు సూరిబాబు. "ఎందుకు ఆగాలంటే ఆవిడకీ తెలీదంది. పంతులుగారు సాయంత్రం చెబుతానన్నారంట. అప్పటిదాకా పాత మాటే కదాని, ఎక్కేడండి."

సోమేశ్వరరావు వాకిట్లోకి చూశాడు. ప్రహరీ దగ్గర చిట్టెమ్మ లేదు.

దక్షిణాన ఉరిమింది.

చావిడి నుంచి రేవుకు తోటల మధ్య బాట ఉంది. సోమేశ్వరరావు పరుగెత్తడం ఊళ్ళోవాళ్ళు ఎప్పుడూ చూడలేదు. ఆ రోజు చూశారు. వెనకాల సత్యం, పడవల వాళ్ళు వచ్చారు. అతను రేవు చేరేసరికి చిట్టెమ్మ మోకాలి లోతు నీళ్ళలో ఉంది. కొంగు ఊడదీసి తలపైకెత్తి ఊపుతోంది.

సముద్రం వైపు నుంచి గాలి వీస్తోంది. పోటు ఎక్కుతోంది. దిగువన మలుపు తిరిగి ఒక పడవ రేవు వైపు వస్తోంది. తెరచాప నిండా గాలి ఉంది. వెనక చుక్కాని దగ్గర ఒక మనిషి నిలబడి ఉన్నాడు.

"దుర్గారావే," అన్నాడు సత్యం.

"కొయ్య దించమను," అన్నాడు సోమేశ్వరరావు.

"గాలి ఎదురండి. మన మాట పోదు."

సోమేశ్వరరావు చిట్టెమ్మను దాటి నడుము లోతుకు దిగాడు. రెండు చేతులూ పైకెత్తి కిందికి దించాడు. మళ్ళీ ఎత్తాడు, మళ్ళీ దించాడు. గొంతు చించుకుని అరిచాడు. మబ్బులో మెరుపు మెరిసింది. ఉరుము ఈసారి వెంటనే వినిపించింది.

పడవలో మనిషి గట్టు మీది జనాన్ని చూశాడు. పలకరింపుగా చెయ్యెత్తి ఊపాడు.

ఆ వేళకు రేవులో ఉన్న పడవలన్నిటి కొయ్యలూ దించి ఉన్నాయి. దుర్గారావు పడవ మీద కొయ్య నిలబడే ఉంది.